కార్తీక వనభోజనాల్లో చెత్త వేరు చేయించడం ఎలాగండీ?

(అడిగినవారు, పాలకొల్లు దగ్గర్నుంచి)
అందరికీ నమస్కారమండి. మా ఊరి క్లబ్బు తరఫున ఏటా కార్తీకమాసంలో కొబ్బరితోటలో వనభోజనాలు పెడతాం, నాలుగొందల మంది దాకా వస్తారు, ఈసారి చెత్త పని నా నెత్తిన పడింది. పోయినేడాది తడి చెత్తకి పచ్చ డబ్బా, పొడి చెత్తకి నీలం డబ్బా అని ముస్తాబు చేసి పెట్టాం గానీ సాయంత్రానికి రెండిట్లోనూ ఒకటే సరుకు, పప్పు అంటుకున్న ఆకులు, సగం నీళ్ళున్న బాటిళ్ళు, పేపర్ గ్లాసులు. పాత సామాన్లాయన మూత తీసి చూసి ఇది నాకొద్దండి అనేసి వెళ్ళిపోయాడు. ట్రాక్టర్లో ఎక్కించి పంపేశాం, ఎక్కడ పోశారో మేమూ అడగలేదు. మర్నాడు లాకుల దగ్గర కాలవలో మా క్లబ్బు పేరున్న ఫ్లెక్సీ ముక్క తేలింది, ఊళ్ళో తలెత్తుకోలేకపోయాం. ఎవరైనా చేసినవాళ్ళుంటే కాస్త చెప్పండి.

(రావులపాలెం వైపు నుంచి)
మేమూ రెండేళ్ళు ఇలాగే తిప్పలు పడ్డామండి. డబ్బాల సంగతి తర్వాత, ముందు తోటలోకి ఏం తెస్తున్నారో చూడండి. పేపర్ గ్లాసు పేరుకే పేపరు, లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, చిత్తుకాగితాలాయన కొనడు, ఎరువులో వేస్తే ఆ పొర అలాగే ఉండిపోద్ది. మేం షామియానా వాళ్ళ దగ్గరే స్టీలు గ్లాసులు అద్దెకి తెచ్చి, కడగడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టి, తాగడానికి 20 లీటర్ల టిన్నులు వేయించాం. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు 2022 జులై 1 నుంచే నిషేధం, కొట్లో దొరుకుతున్నాయని తెచ్చేయకండి. భోజనాలకి మన వైపు అరిటాకులకేం కరువండీ.

పావులీటరు బాటిళ్ళు మాత్రం పూర్తిగా మాన్పించలేకపోయాం, పెద్దోళ్ళొస్తే చేతిలో బాటిలు పెట్టకపోతే మర్యాద తక్కువైపోద్దంటారు మావాళ్ళు. వాటికి డబ్బాలు కొనలేదు, చేపల చెరువుల దగ్గర ఖాళీ మేత సంచులు అడిగి తెచ్చి, దులిపి, చేతులు కడుక్కునే చోట చెట్లకి నోరు తెరిచి కట్టాం. పక్కన ఒక బకెట్టు. మిగిలిన నీళ్ళు అందులో వంపి, బాటిలు నలిపి, మూత బిగించి సంచిలో వెయ్యాలి. సంచి మీద రాస్తే ఎవరూ చదవరు, ఖాళీ బాటిలే ఒకటి దారంతో వేలాడదీయండి. ఇవన్నీ పెట్టినా అక్కడ ఒక మనిషి నిలబడకపోతే దండగే, నా అనుభవంలో మనిషి పక్కకెళ్ళిన పది నిమిషాల్లో సంచిలో ఆకు పడింది. మేం ఇంటర్ చదివే కుర్రాళ్ళని గంటకొకళ్ళని మార్చాం, వాళ్ళయితే మావయ్యగారూ అది ఇందులో కాదండీ అని మొహమాటం లేకుండా చెప్పేస్తారు.

పాత సామాన్లాయనతో నాల్రోజుల ముందే మాట్లాడుకోండి, ఏం కొంటాడో ఆయన్నే అడగండి. మా దగ్గరికొచ్చే సామాన్లాయన బాటిళ్ళు, అట్టపెట్టెలు, నూనె డబ్బాలు, కడిగి ఆరేసిన పెరుగు, పాల ప్యాకెట్లు తీసుకున్నాడు, థర్మాకోల్ ముట్టుకోలేదు.

(భీమవరం నుంచి)
ఇంత హడావిడి చేస్తే ఎంతొస్తుందేంటి?

(రావులపాలెం వైపు నుంచి)
ఏమొస్తుందండీ, వెయ్యి చిన్న బాటిళ్ళు కలిపినా పదిపన్నెండు కిలోలు తూగితే గొప్ప. మేం ఆ డబ్బులు కుర్రాళ్ళకి ఐస్‌క్రీములకి ఇచ్చేశాం. లాభం చూసుకుంటే ఈ పని చెయ్యలేరు.

(అమలాపురం నుంచి)
తమ్ముడూ, ఆకులకి మాత్రం గొయ్యి తీయించకు. కార్తీకంలో మన లంక నేలల్లో రెండు మూడడుగులు తవ్వితే నీరు ఊరుతుంది, ఆకులు కుళ్ళి కంపు కొడతాయి. మెరక చూసి ఒక వరస ఆకులు, ఒక వరస మట్టి, మధ్యలో ఎండుగడ్డి చల్లి కుప్ప పెట్టించు. పైన మట్టి మందంగా కప్పకపోతే తెల్లారేసరికి కుక్కలు పీకి తోటంతా పరుస్తాయి. కూరల మీద కప్పిన సిల్వర్ కాగితం, పూలదండల దారాలు ముందే ఏరించు, ఆవులు ఆకులతో పాటు అవీ మింగేస్తాయి, మా వీధిలో ఒక ఆవుకి అలాగే ప్రాణం మీదకొచ్చింది.

ఇంకోటి, వందమంది దాటిన కార్యక్రమమైతే మూడు పనిరోజుల ముందు పంచాయతీకి చెప్పాలని ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది. ఎలాగూ చెప్తావు కదా, చెత్త నుంచి సంపద షెడ్డు, అదే చెత్త వేరుచేసి ఎరువు చేసే పంచాయతీ షెడ్డు, పనిచేస్తోందేమో, మర్నాడు పొద్దున్న బండి పంపుతారేమో అక్కడే అడిగెయ్యి. ఫ్లెక్సీ బదులు గుడ్డ మీద రాయించు, సంవత్సరం వెయ్యకుండా కట్టిస్తే వచ్చే ఏడాదికీ అదే పనికొస్తుంది.

(అడిగినవారు)
చాలా థాంక్సండి, అక్కా మీక్కూడా. మేత సంచులు మా బావగారి చెరువు దగ్గరే ఉన్నాయి, గ్లాసులకి ఇవ్వాళే చెప్పేస్తాను. ఆఖరిది ఒకటి, కొబ్బరి బొండాలు మూడొందలు దింపిస్తున్నారు, ఆ డొప్పలేం చెయ్యాలి?

(అమలాపురం నుంచి)
బొండాలు కొట్టేవాడితోనే, తాగిన వెంటనే రెండుగా చీల్పించు, ఇంకో నాలుగు రూపాయలు ఎక్కువడిగినా ఇచ్చెయ్యి. చీల్చకుండా వదిలేస్తే నీళ్ళు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి. చీల్చినవి చెట్ల పాదుల్లో బోర్లించండి, తోటాయన కావాలంటే ఎండబెట్టి పొయ్యిలోకి వాడుకుంటాడు. ఆయన్ని ముందు అడుగు కానీ.