పాత పోతఇనుము రంపం బల్ల: బాగుచేయించాలా, తూకానికి వేయాలా?

పెన్నా_గట్టు (నెల్లూరు)
అందరికీ నమస్కారం. కావలిలో మూతబడ్డ టింబరు డిపోలో పాత రంపం బల్ల ఒకటి దొరికింది. మొత్తం పోతఇనుమే. 12 అంగుళాల బ్లేడు, మధ్యలో బల్ల, అటూ ఇటూ రెక్కలు. మోటారు లేదు. తూకం లెక్కన ఇచ్చారు. ట్రాలీ ఆటోలోంచి దించడానికి నలుగురం పట్టాం, నా చెప్పు ఒకటి దాని కిందే ఉండిపోయింది. ఇల్లు మైపాడు రోడ్డు వైపు, వెనక రేకుల షెడ్డుంది. ఆదివారాలు అరలు, పీటలు చేసుకుందామని సరదా, అంతే. ఆటోనగర్‌లో అడిగితే పైబల్ల గ్రైండింగుకు 6,000 చెప్పాడు. ఇనుముకి పెట్టిన దాంట్లో సగం! దోపిడీ కాకపోతే ఏంటిది? బాగుచేయించమంటారా, ఇనపకొట్టుకి వేసి కొత్తది కొనమంటారా?

సింగరాయకొండ_ఎక్స్‌ప్రెస్
కొట్టుకెయ్యన్నా. ఆదివారం పడుకో.

ఒంగోలు_గిత్త
వెయ్యొద్దు. నేను రెండేళ్ళ కిందట కొత్తది కొని నెత్తినేసుకున్నా, కంపెనీ పేరెందుకులే. అల్యూమినియం బల్ల, రేకు కాళ్ళు. స్విచ్చి వేస్తే మీద పెట్టిన పెన్సిలు తనంతట తనే నడుచుకుంటా పోయి కింద పడుద్ది. చెక్కని ఆనించి తోసే పట్టీ, అదే ఫెన్సు, ఈ చివర బిగిస్తే ఆ చివర జరుగుద్ది. గ్యారంటీ ఉంది గదాని ఫోన్ చేస్తే మిషను చెన్నై పట్టుకురమ్మన్నారు. బస్సులో పెట్టుకుని పోవాలా?

పోతఇనుములో గ్రాఫైటు పొరలు పొరలుగా ఉంటది, వణుకుని అదే మింగేస్తది. తుప్పంటావా, అది పైపైనే. కిరసనాయిలు పోసి ఒక రాత్రి వదిలెయ్యి, పొద్దున గీకి, 120 ఎమరీ, తర్వాత 220, చెక్కముక్కకి చుట్టి రుద్దు. హ్యాండ్‌వీలు, పళ్ళచక్రాల్లాంటి చిన్నవి బకెట్లో వాషింగ్ సోడా నీళ్ళలో ముంచి బ్యాటరీ చార్జరు తగిలించు. తుప్పు వస్తువుకి నెగటివ్, పక్కన పనికిరాని ఇనప ముక్కకి పాజిటివ్. తెల్లారేసరికి నల్ల మడ్డిగా ఊడొస్తది. గ్రైండింగ్ మాత్రం తప్పదు. బల్ల చదును లేకపోతే మిగతాదంతా దండగ.

బుజబుజ
పాజిటివ్ వైపు స్టీలు గరిటలు, గ్లాసులు పెట్టమాకండి. అందులో క్రోమియం నీళ్ళలోకి దిగి విషమవుద్ది. హైడ్రోజన్ కూడా వస్తది, గది తలుపులు తీసి చెయ్యండి, దగ్గర్లో బీడీ కాల్చొద్దు.

కావలి_మేస్త్రి
గ్రైండింగ్ ఎందుకబ్బా? బల్ల మీద ఉక్కు స్కేలు అంచున నిలబెట్టి కింద కాగితం దూరుద్దేమో చూడు. జెరాక్సు కాగితం 0.1 మిల్లీ. రెండు కాగితాలు దూరినా చెక్కపనికి ఏం కాదు. వానాకాలంలో చెక్క అంతకన్నా ఎక్కువే ఉబ్బుద్ది.

చూడాల్సింది ఇరుసు. బ్లేడు తీసి చేత్తో తిప్పు, గరగరమంటే బేరింగులు పోయినట్టే. మీద నంబరుంటది. 6204 అయితే లోపల 20 మిల్లీ, బయట 47. రబ్బరు మూతది అడుగు, రేకు మూత సన్నపొట్టుని ఆపదు. తర్వాత బల్ల మీద పొడుగునా ఉండే గాడికి బ్లేడు సమంగా ఉందా చూడు. ఒక పన్నుకి సుద్దతో గుర్తుపెట్టి ముందువైపు గాడి నుంచి కొలువు. అదే పన్నుని వెనక్కి తిప్పి మళ్ళీ కొలువు. వేరే పన్నుతో కొలిచావంటే బ్లేడు వంకరని బల్ల వంకర అనుకుంటావు. తేడా వస్తే ఇరుసుని మోసే దిమ్మె బోల్టులు మూడు వదులుచేసి చెక్కసుత్తితో తట్టు. నాలుగోది ముట్టుకోమాకు, దిమ్మె మొత్తం జారిపోద్ది.

ఒంగోలు_గిత్త
"రెండు కాగితాలు దూరినా ఏం కాదు." మేస్త్రిగారూ, ఇట్టా అనుకునేగా మన తలుపులన్నీ గాలొస్తే కొట్టుకునేది? రెండు పలకలు అంచుకి అంచు అతికించేటప్పుడు 0.2 తేడా ఉంటే సందు కనపడదా?

కావలి_మేస్త్రి
సందు వచ్చేది ఫెన్సు వల్ల, బ్లేడు నిటారుగా లేక. బల్ల వల్ల కాదు. నువ్వెన్ని పలకలు అతికించావు సామీ ఇప్పటిదాకా?

ఒంగోలు_గిత్త
నాలుగు. అయినా ప్రశ్న అది కాదు.

కందుకూరు_కుర్రోడు
మోటారు సంగతి ఎవరూ ఎత్తరేంది? మా బాబాయి మిషనుకి నిమిషానికి 1440 చుట్ల మోటారు ఉండేది. మోటారు పుల్లీ పెద్దది, ఇరుసు పుల్లీ దాంట్లో సగం, బ్లేడు 2880 తిరిగేది. మోటారు కాలిపోతే చవగ్గా దొరికిందని 2880ది తెచ్చి బిగించాడు, పుల్లీలు మార్చలా. అంటే 5760! ఇన్ని చుట్లు దాటొద్దని బ్లేడు మీద అచ్చేసే ఉంటది, ఎవరు చూశారు? కార్బైడు పన్నొకటి ఊడి రేకుల కప్పులోంచి బయటికి పోయింది. ఇప్పటికీ వానొస్తే ఆ బొక్క కింద బకెట్ పెడతాం.

పెన్నా_గట్టు
బాగా చెప్పారు అందరూ, పుల్లీలు కొలిచి చూస్తా. బాగుచేయడానికే నిర్ణయించుకున్నా. కూలి నాదే కాబట్టి ఖర్చేం లేదు, 12 ఆదివారాలు పట్టినా పర్లేదు. ఆటోనగర్ ఆయన్ని 2,000కి ఒప్పిస్తా. మిషను ఆన్ చేసి అరగంట పక్కన నిలబడ్డానికి ఆరు వేలేంటండీ?

కావలి_మేస్త్రి
అరగంటా? ఆ బల్లని మిషను మీదికి ఎక్కించడానికే చెయిన్ బ్లాకు కావాలి సార్. గట్టిగా బిగిస్తే బల్ల వంగుద్ది. వంగినదాన్ని చదును చేస్తే విప్పంగానే మళ్ళీ వంకర. ఎక్కడ ఎంత బిగించాలో చేతికి తెలియాలి. ఆ తెలిసినదానికి ఆరు వేలు. గ్రైండింగ్ అక్కర్లేదన్నది నేనే, కానీ దోపిడీ అన్నావే, ఆ మాట మాత్రం నాకు గుచ్చుకుంది. మీకు ఒకటో తేదీ జీతం పడుద్ది, అందుకని మీ 12 ఆదివారాలు ఖర్చు కిందికి రావు. మా ఆదివారం మాత్రం బేరానికి దొరకాలా?

ఉదయగిరి_కొండ
మేస్త్రి మాటే నాదీ. మా ఊళ్ళో చెక్క చెంచాలు చేసేవాళ్ళు ఎగ్జిబిషన్‌లో కొట్టు పెడితే, కారు దిగొచ్చి పది రూపాయలు తగ్గించమంటారు. పార్కింగుకి ఎంత ఇచ్చారో అడగరు.

పెన్నా_గట్టు
మీరన్నారు కాబట్టి నేనూ చెప్తా మేస్త్రీ. ఇల్లు కట్టినప్పుడు తలుపులకి అడ్వాన్సు ఇచ్చి మూడు నెలలు ఒకాయన చుట్టూ తిరిగా. ఫోన్ ఎత్తడు. ఎత్తితే "రేపు సార్". చివరికి బిగించి పోయాడు. కార్తీకం వానలకి బాత్రూము తలుపు ఉబ్బి మా అమ్మ లోపల ఇరుక్కుపోయింది. డెబ్బై ఏళ్ళ మనిషి, లోపల్నుంచి "రేయ్ నాయనా" అని పిలుస్తా ఉంటే గడ్డపారతో గొళ్ళెం పగలగొట్టా. మళ్ళీ రమ్మంటే రాలేదు. ఇంకెవరి కాళ్ళూ పట్టుకోకూడదని అప్పుడే అనుకున్నా. ఈ రంపం సరదాకి కాదు.

సింగరాయకొండ_ఎక్స్‌ప్రెస్
అమ్మకేం కాలేదు గదా అన్నా?

పెన్నా_గట్టు
ఏం కాలేదు. ఇప్పటికీ గడియ వేసుకోదు.

కావలి_మేస్త్రి
ఇదీ అసలు సంగతి. అంటే ఈ ఇనుము తెచ్చింది మా పని మాన్పించడానికి. సరే. ఒకటి చెప్పు, ఏం చెక్క? ఎవరు కొన్నారు?

పెన్నా_గట్టు
వేప. నేనే కొన్నా, డిపోలో.

కావలి_మేస్త్రి
ఆరిన చెక్కేనా?

పెన్నా_గట్టు
గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడింది. ఆరబెట్టే టైము లేదు.

కావలి_మేస్త్రి
పచ్చి వేప చవగ్గా తెచ్చిచ్చి, ముహూర్తానికి బిగించమని నెత్తిన కూర్చుని ఉంటారు. ఫోన్ ఎత్తకపోవడం ఆయన తప్పు, అడ్వాన్సు తీసుకుని తిప్పడం తప్పు, పిలిస్తే రాకపోవడం ఇంకా తప్పు. మా వాళ్ళలో అట్టాంటోళ్ళు ఉండారు, కాదన్ను. తలుపు ఉబ్బింది మాత్రం ఆయన వల్ల కాదు. ఈ రంపం మీద నువ్వు కోసినా అదే చెక్క, అదే ఉబ్బు.

పెన్నా_గట్టు
అప్పుడు నా మీదే నేను కేకలేసుకుంటాగా. ఫోన్ చేసే పనుండదు.

ఒంగోలు_గిత్త
తలుపుల గోల తర్వాత. బల్ల కొలిచావా లేదా?

బుజబుజ
ఒక మాట చెప్పి పోతా. మైపాడు వైపంటే ఉప్పుగాలి. తుప్పు తీసిన సాయంత్రమే మైనం పట్టించి గుడ్డతో రుద్దు, లేకపోతే మర్నాటికి మళ్ళీ కాషాయం కట్టుకుంటది. సిలికాన్ స్ప్రే వద్దు. అది చెక్కకి అంటితే పాలిష్ నిలవదు, గుంటలు గుంటలుగా విడిపోద్ది.

పెన్నా_గట్టు (మూడు రోజుల తర్వాత)
కొలిచా. మధ్యబల్లలో ఒక కాగితం దూరింది, రెండోది దూరలా. ఎడమ రెక్క మాత్రం బయటి అంచు దగ్గర నాలుగు కాగితాలు కిందికి వాలింది. బేరింగు నంబరు 6204 కాదు, 6205.

కావలి_మేస్త్రి
6205 అయితే ఇంకా మంచిది, ఇరుసు 25 మిల్లీ. రెక్కకి గ్రైండింగ్ అక్కర్లేదు. బల్లకి కలిసే చోట బోల్టులు వదులుచేసి, అతుకు అడుగు భాగంలో పల్చటి రేకు ముక్క దోపి బిగించు, బయటి అంచు పైకి లేస్తది. ఆటోనగర్ పోవాలంటే ఇంకో పనికి పో. పాత మిషనుకి బ్లేడు వెనక, చీల్చిన చెక్క మూసుకోకుండా ఆపే కత్తి ఉండదు. చీల్చిన చెక్క మూసుకుని వెనక పళ్ళని పట్టిందంటే పలక నేరుగా నీ కడుపులోకి తన్నుద్ది. స్ప్లిటరు ఒకటి చేయించు. పళ్ళు కాకుండా బ్లేడు రేకు కన్నా మందంగా ఉండాలి, బ్లేడు కోసే సందు కన్నా పల్చగా ఉండాలి, బ్లేడుకి సరిగ్గా సూటిలో నిలబడాలి. దానికి ఎంతడిగితే అంత ఇవ్వు.

పెన్నా_గట్టు
సరే. బేరం ఆడను. రసీదు మాత్రం అడుగుతా.

ఒంగోలు_గిత్త
నాలుగు కాగితాలు! మొదటి రోజే నేను చెప్పలా?