ఇన్‌స్పిరేషన్ కోసం పింటరెస్ట్ చూడొద్దనడం న్యాయమేనా?

సాగర్‌నగర్ స్కెచ్‌బుక్:

నేను విశాఖలో ప్రోడక్ట్ డిజైన్ రెండో ఏడాది చదువుతున్నాను. పది రోజులుగా ఒక విషయం మనసులో నలుగుతోంది. మీ అందరి అభిప్రాయం కావాలి.

ఈ సెమిస్టర్ మా బ్రీఫ్ ఒక్క వాక్యం: ఇంట్లో రోజూ వాడే వస్తువు ఒకటి తీసుకుని దాన్ని మళ్లీ డిజైన్ చేయాలి. నేను పోపుల డబ్బా తీసుకున్నాను. రెండు రాత్రులు మేలుకుని, పింటరెస్ట్ అనే బొమ్మల యాప్‌లో నచ్చిన ఫొటోలు ఏరి ఒక బోర్డు మీద పెట్టి మూడ్‌బోర్డ్ చేశాను. లేత రంగు చెక్క, తెల్ల పింగాణీ గిన్నెలు, కిటికీలోంచి పడే ఎండ. చూడ్డానికి ఎంత బాగుందో! టీచర్లు మా పని చూసి ప్రశ్నలడిగే మొదటి జ్యూరీలో మేడమ్ దాన్ని చాలాసేపు చూసి, "ఇందులో తాలింపు వేసే మనిషి ఎక్కడుందమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. బోర్డు మీద ఇరవై రెండు ఫొటోలున్నాయి. ఒక్కదానిలోనూ చెయ్యి లేదు, నూనె మరక లేదు.

మర్నాడు క్లాసు మొత్తానికీ రూల్ వచ్చింది. మిడ్ సెమ్ జ్యూరీ దాకా పింటరెస్ట్, ఇన్‌స్టా, ఏఐ బొమ్మలు ఏవీ బోర్డు మీద కనిపించకూడదు. కళ్లతో చూసి చేత్తో గీసినవే పెట్టాలి. సగం క్లాసుకి కోపం వచ్చింది. నాకూ వచ్చింది. కానీ ఇప్పుడు నాకు ఆ రూల్ సరైనదే అనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

కంచరపాలెంలో మా అమ్మమ్మ ఇంటికి వెళ్లి నాలుగు పొద్దులు వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. మా అమ్మమ్మ ఆవాలకి, జీలకర్రకి చెంచా ముట్టుకోదు. మూడు వేళ్లతో తీసి వేసేస్తుంది. చెంచా వాడేది ఒక్క పసుపుకే. ఆ ఒక్క చెంచా గిన్నెల మీద అడ్డంగా పడుకుని ఉంటుంది, అందుకే మూత ఎప్పుడూ ఒక పక్క లేచి ఉంటుంది. ఆ సందులోంచి ఆవిరి, సముద్రపు గాలి తేమ లోపలికి వెళ్తాయి. నాలుగో రోజుకి పసుపు ఉండలు కట్టింది. ఇంకోటి, నూనె కాగేసరికి ఆవిడ ఎడమ చేతిలో మూత ఉంటుంది. దాన్ని పెట్టడానికి గట్టు మీద చోటుండదు. ప్రతిసారీ నీళ్ల బిందె మీద పెడుతుంది. ఆవాలు చిటపటలాడుతున్నప్పుడు మళ్లీ దానికోసం వెతుకుతుంది.

ఏడు గిన్నెలూ ఒకే సైజు. ఆవాలు నాలుగు రోజుల్లో సగానికి వచ్చాయి, మెంతులు కదల్లేదు.

ఇవేవీ నాకు పింటరెస్ట్‌లో దొరికేవి కావు. అక్కడ ఒక బొమ్మ నొక్కితే దాని కింద దాని లాంటివే ఇంకో వంద వస్తాయి. అందుకే మా క్లాసులో ముప్ఫై మంది బోర్డులూ ఒకే ఇంట్లో తీసిన ఫొటోల్లా ఉన్నాయి. కొన్నాళ్లు దాన్ని మూసేయడమే మంచిదని నా మాట. మీరేమంటారు?

హాస్టల్ రూమ్ నుంచి:

అక్కా, అమ్మమ్మ గారి వంటిల్లు గురించి రాసింది రెండుసార్లు చదివాను. కానీ రూల్ విషయంలో నేను ఒప్పుకోలేను.

మాది శ్రీకాకుళం జిల్లాలో చిన్న ఊరు. ఇంటర్‌లో ఎంపీసీ. డిజైన్ అనే చదువు ఒకటుందని ఎంట్రన్స్‌కి మూడు నెలల ముందే తెలిసింది. మా ఇంట్లో బొమ్మల పుస్తకం అంటే క్యాలెండరే. మ్యూజియం అంటే ఎనిమిదో క్లాసులో బస్సులో తీసుకొచ్చి చూపించిన కురుసుర సబ్‌మెరైన్. కుర్చీ కాళ్లు పన్నెండు రకాలుగా ఉండొచ్చని నాకు చూపించింది ఫోనే. అది నా లైబ్రరీ.

మా బ్యాచ్‌లో కొందరున్నారు. వాళ్ల ఇళ్లలో డిజైన్ పుస్తకాలున్నాయి, సెలవులకి బయటి దేశాలు తిరిగొచ్చారు. ఫోన్ మూసేయమన్నా వాళ్లకేం కాదు, బొమ్మలు ముందే కళ్లలో ఉన్నాయి. వాళ్లు చేత్తో గీస్తే కూడా అవే వస్తాయి, సార్లు "బాగా అబ్జర్వ్ చేశావ్" అంటారు. రూల్ అందరికీ ఒకటే కానీ దెబ్బ మాత్రం నాలాంటి వాళ్లకే తగులుతుంది. "మీ ఊరు గియ్యి" అంటారు. గీస్తాను. మా ఊరు నాకు పద్దెనిమిదేళ్లుగా తెలుసు. తెలియనిది మిగతా ప్రపంచం. అది నేర్చుకుందామనే కదా అప్పు చేసి ఫీజు కట్టి ఇక్కడికి వచ్చింది!

మధురవాడ నుంచి:

నేను తొమ్మిదేళ్లుగా గ్రాఫిక్ డిజైన్ పనిలో ఉన్నాను. తమ్ముడు చెప్పిన దానిలో న్యాయం ఉంది. పైగా ఉద్యోగంలో చేరాక రిఫరెన్స్ లేకుండా ఒక్క రోజు గడవదు. క్లయింటే పది స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో పంపి "ఇలా కావాలి" అంటాడు. వాటిని చదవడం రావాలి. ఇందులో ఆయనకి నచ్చింది రంగా, ఖాళీ స్థలమా, అక్షరమా? అది తేల్చగలిగితే సగం పని అయిపోయినట్టే. కాలేజీలో రిఫరెన్స్ మూసేస్తే ఆ చదవడం ఎవరు నేర్పుతారు?

కానీ నా పనిలో పింటరెస్ట్ చేతులెత్తేసే చోటు ఒకటుంది. తెలుగు అక్షరం. కింద వత్తులు, పైన తలకట్లు, గుడులు. ఇంగ్లిష్ పోస్టర్ చూసి దాని లైన్ల మధ్య గ్యాప్ అలాగే పెడితే పై లైను వత్తు వచ్చి కింది లైను గుడిని గుద్దుతుంది. "స్త్రీ" అని రాసి చూడండి, ఒక్క అక్షరానికి పైనా కిందా ఎంత చోటు కావాలో తెలుస్తుంది. నేను ఇది నేర్చుకున్నది పూర్ణా మార్కెట్ సందుల్లో, పాత షాపుల మీద చేత్తో రాసిన బోర్డులు చూసి. ఆ పెయింటర్లు వత్తుని పక్కకి జరిపి, కొంచెం చిన్నది చేసి, లైను కలిసేలా ఎలా రాశారో చూస్తూ నిలబడిపోయేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ బోర్డులు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. వెళ్లి ఫొటోలు తీసుకోండి, ఉన్నప్పుడే.

కాబట్టి నా మాట: మూసేయొద్దు. ఫోన్‌తో పాటు వీధి కూడా చూడాలి.

సాగర్‌నగర్ స్కెచ్‌బుక్:

తమ్ముడూ, నీ మాటకి నా దగ్గర సరైన సమాధానం లేదు. మా ఇంట్లోనూ పుస్తకాల్లేవు. కానీ ఇంగ్లిష్ మీడియం, ఇంట్లో వైఫై, టీవీలో ఇంటీరియర్ ప్రోగ్రాములు, ఇవన్నీ నాకు లెక్కలోకి రాకుండా వచ్చేశాయి. ఇంతకుముందు ఇలా ఆలోచించలేదు.

ఒక్కటి చెప్పు. ఆ పన్నెండు రకాల కుర్చీ కాళ్లలో ఏది ఎందుకు అలా ఉందో ఫోన్ చెప్పిందా?

అన్నట్టు, నా కొత్త స్కెచ్‌లు మొత్తం లోకల్. మూతకి ఏటికొప్పాక లక్క బొమ్మల గుండ్రం, ఆ పసుపు, ఆ ఎరుపు తీసుకున్నాను. మేడమ్‌కి నచ్చుతుందనే అనుకుంటున్నాను.

వరాహ ఒడ్డు:

చెల్లీ, చివర్లో రాసింది చూసి జవాబు ఇవ్వకుండా ఉండలేకపోయాను. మాది ఏటికొప్పాకే. మా నాన్న లేత్ మీద లక్క పని చేస్తారు. నేను ఉద్యోగం కోసం గాజువాకలో ఉంటున్నాను.

మా ఊరికి స్టూడెంట్లు చాలామంది వస్తారు. 2017లో ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది, 2025లో రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మా బొమ్మలదే. అప్పటి నుంచి ఇంకా ఎక్కువయ్యారు. సంతోషమే. కానీ చాలామంది గంట ఉంటారు, ఫొటోలు తీస్తారు, వెళ్లిపోతారు. తర్వాత ఎక్కడో ఒక ప్రాజెక్టులో మా నాన్న చేసిన షేప్ కనిపిస్తుంది, కింద "ఏటికొప్పాక ఇన్‌స్పిరేషన్" అని ఉంటుంది. చేత్తో గీసినంత మాత్రాన అది వాళ్లదైపోతుందా? పింటరెస్ట్ నుంచి తీస్తే కాపీ, మా ఇంటి అరుగు మీంచి తీస్తే అబ్జర్వేషనా?

మా బొమ్మలన్నీ ఎందుకు గుండ్రంగా ఉంటాయో అడిగినవాళ్లు నా ఎరుకలో ఇద్దరో ముగ్గురో. లేత్ మీద అంకుడు కర్ర తిరుగుతుంటుంది, ఉలి పట్టి దాన్ని చెక్కుతారు. తిరిగేది గుండ్రంగానే వస్తుంది. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకే అదిమి పడతారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో అద్ది మెరుగు పెడతారు. అంటే తిరక్కపోతే షేపూ లేదు, రంగూ లేదు. ఆ గుండ్రం అందం కోసం ఎవరో ఎంచుకున్నది కాదు, పనిలోంచి వచ్చింది. పసుపు రంగు కోసం పసుపే వాడతారు, నీలానికి నీలిమందు, ఎర్రటి ఛాయకి జాఫరా గింజలు. అంకుడు కర్రని ఎందుకు ఎంచుకున్నారంటే అది మెత్తన, ఉలికి లొంగుతుంది, నార ఎక్కువ లేచి రాదు.

ఇప్పుడు నీ మూత సంగతి. లక్క వేడికే కరిగి కర్రకి పట్టేది కదా. పొయ్యి పక్కన, ఆవిరి తగిలే చోట, నూనె చేతుల్తో రోజుకి పదిసార్లు తీసే మూతకి అదే లక్క వేస్తే ఏమవుతుంది? మెరుగు పోతుంది, వేడి గిన్నె తగిలితే దానికి అతుక్కుంటుంది. మా నాన్నని అడిగి ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేవారు.

కోపంతో రాయలేదమ్మా. బాధతో రాశాను.

రిటైర్డ్ మాస్టారు:

నేను చాలా ఏళ్లు ఇదే సబ్జెక్టు చెప్పాను. ఇలాంటి రూల్ నేనూ పెట్టాను, తీసేశాను, మళ్లీ పెట్టాను.

మన దేశంలో ఈ చదువు ఎలా మొదలైందో గుర్తు చేస్తాను. 1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు మన ప్రభుత్వం కోరితే దేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) పెట్టడానికి ఆ నివేదికే పునాది. అందులో వాళ్లు అన్నిటికన్నా మెచ్చుకున్నది చెంబుని. అందంగా ఉందని వదిలేయలేదు, ప్రశ్నలు వేశారు. ఎన్ని నీళ్లు పడతాయి, నడుం మీద పెట్టుకుంటే ఎలా కూర్చుంటుంది, నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు బరువు ఎటు పోతుంది, ఆడమనిషి చేతికా, మగవాడి చేతికా, కడగడం తేలికేనా, ఖరీదెంత. మన పెరట్లో చెంబు గురించి ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు అడిగారు. కాబట్టి దూరం నుంచి వచ్చింది కావడం తప్పు కాదు, దగ్గరది కావడం గొప్పా కాదు.

హాస్టల్ అబ్బాయీ, నువ్వు చెప్పింది నా సర్వీసులో ఎవరూ నాతో అనలేదు. అనే ధైర్యం వాళ్లకి నేను ఇవ్వలేదేమో. పొరపాటు నాదే. అయినా రూల్ పూర్తిగా తీసేయమని నేను అనను. మొదటి మూడు వారాలు మూసే ఉంచాలి. ఎందుకంటే మంచి బొమ్మ ఒకటి కంట్లో పడ్డాక చెయ్యి అటే పోతుంది, ఎంత బిగబట్టినా. నా చెయ్యే పోయేది. ముందు మనిషిని చూడండి, తర్వాత ఎన్ని బొమ్మలైనా చూసుకోండి.

హాస్టల్ రూమ్ నుంచి:

మాస్టారూ, నమస్తే. మూడు వారాలైతే నాకు ఇబ్బంది లేదు. కానీ ఆ మూడు వారాలు కాలేజీ లైబ్రరీ రాత్రి పది దాకా తెరిచి ఉంచమనండి. ఫోన్ తీసుకున్నప్పుడు దాని బదులు ఏదో ఒకటి చేతికివ్వాలి కదా.

అక్కా, నీ ప్రశ్నకి జవాబు. లేదు, ఫోన్ చెప్పలేదు. నిన్న మా మెస్‌లో ఇనప కుర్చీ తిరగేసి చూశాను. వెనక కాళ్లు కొంచెం వెనక్కి వంగి ఉన్నాయి. మనిషి వెనక్కి వాలినప్పుడు పడిపోకుండా ఉండటానికి. నా దగ్గర సేవ్ చేసిన ఫొటోలు మళ్లీ తీసి చూస్తే వాటిలో తొమ్మిదింటికి అదే వంపు ఉంది. రెండేళ్లుగా నా ఫోన్‌లో ఉన్నాయి, నాకు కనిపించలేదు. కానీ ఆ ఫొటోలు లేకపోతే మెస్ కుర్చీ తిరగేయాలని తోచేదే కాదు. కాబట్టి నేను నా మాట మీదే ఉన్నాను, సగం.

సాగర్‌నగర్ స్కెచ్‌బుక్:

అన్నా, మీరు రాసింది చదివి నిన్న రాత్రి నిద్రపట్టలేదు. పింటరెస్ట్ మూసేశాను కాబట్టి నేను సరిగ్గా చూస్తున్నానని అనుకున్నాను. మీ ఊరి బొమ్మని కూడా అలాగే, ఒక ఫొటోలా ఎత్తుకొచ్చాను. మా అమ్మమ్మ చేతిని నాలుగు రోజులు చూసిన దాన్ని, మీ నాన్నగారి చేతిని నాలుగు నిమిషాలు కూడా చూడలేదు.

ఈరోజు పొద్దున ఆ మూత స్కెచ్‌లు పదకొండూ పక్కన పెట్టేశాను. మిగిలినవి మూడే. ఆవాల గిన్నె పెద్దది, మెంతుల గిన్నె చిన్నది. చెంచా పసుపు గిన్నెకే తగిలించి ఉంటుంది, అడ్డం పడదు. మూత విడిగా లేదు, ఒక పక్క కీలుతో వెనక్కి తెరుచుకుని నిలబడుతుంది, అమ్మమ్మ ఎడమ చెయ్యి ఖాళీగా ఉంటుంది. సన్‌బోర్డు అనే తేలికైన అట్టతో నమూనా చేసి తీసుకెళ్తే అమ్మమ్మ పట్టుకు చూసి, "కీలులో పసుపు ఇరుక్కుంటే ఎలా కడుగుతావే?" అంది. దానికింకా దారి దొరకలేదు. చెక్కతో చేయాలా, స్టీలుతోనే ఉంచాలా అన్నది కూడా తేలలేదు.

మీ నాన్నగారికి వీలైతే ఒకరోజు వచ్చి పని చూస్తాను. ఫొటోలు తీయను. ఆ రోజు పని ఆగితే ఆయన కూలి ఎంతో చెప్పండి, ఇచ్చే వెళ్తాను. ప్రాజెక్టులో ఆయన పేరు ఎలా రాయమంటే అలా రాస్తాను.

వరాహ ఒడ్డు:

నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. కూలి మాట వచ్చినప్పుడు నవ్వారు కానీ వద్దనలేదు. ఆదివారం రా అమ్మా. నర్సీపట్నం రోడ్ స్టేషన్‌లో దిగితే ఆటోలు ఉంటాయి. పొద్దున్నే వస్తే కర్ర చెక్కడం మొదటి నుంచీ చూడొచ్చు, మధ్యాహ్నం కరెంటు నమ్మలేం. అమ్మమ్మ గారి పాత డబ్బా కూడా పట్టుకుని రా, ఆ కీలు సంగతి తనూ చూస్తానంటున్నారు.