కీబోర్డు మీద ఆరభినీ దేవగాంధారినీ వేరు చేసి వాయించేదెలా?

అందరికీ నమస్కారం. స్వరాలు ఒకటే అయినా రెండు రాగాల మెలొడీ ఎలా వేరవుతుందో గొంతుతో చూపడం తేలికే, చిక్కల్లా కీబోర్డుతోనే. ఆరభి, దేవగాంధారి రెండూ 29వ మేళం (మూల రాగం) ధీరశంకరాభరణ జన్యాలు, అంటే దాని నుంచి పుట్టిన రాగాలు. ఆరోహణ స రి మ ప ద స, అవరోహణ స ని ద ప మ గ రి స. ‘సి’ మెట్టును షడ్జమం చేసుకుంటే అన్నీ తెల్ల మెట్లే. నొటేషన్ చూసి వాయిస్తే రెండూ ఒకే రాగం!

ఆరభి కొంతవరకు కుదురుతోంది. మగరి, సనిద పట్టుల్లో గ, ని మీద నిలవకుండా, మధ్యమానికీ షడ్జమానికీ అంటుకున్నట్టు తాకి వదిలేస్తే చాలు. మరీ నెమ్మదిస్తే మాత్రం రాగం జారిపోతుంది.

అసలు తంటా దేవగాంధారితో. అక్కడ రిషభాన్ని సాగదీసి ఊపాలి. మాడ్యులేషన్ వీల్ (స్వరాన్ని వణికించే చక్రం) తిప్పితే ఊపంతా ఒకే వేగంలో సాగి సినిమా పాట వైబ్రేటోలా ఉంటోంది. పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జరిపే మరో వీల్) రేంజ్ 2 సెమీటోన్లు (అర స్వరాలు) పెట్టి, రి నొక్కి ఆ వీల్ పూర్తిగా పైకి తోస్తే నేరుగా అంతర గాంధారం (ఈ రాగంలోని గ) మీద పడి రిగరిగ అని విడివిడిగా పలుకుతోంది. 1కి తగ్గిస్తే ఊపు చాలడం లేదు. (వెనక మోగే శ్రుతి అదే ఛానెల్‌లో ఉంటే అదీ ఊగుతుంది కాబట్టి వేరే పెట్టాను.)

వీణ, వయొలిన్ వాయించేవారు చెప్పగలరా? ఈ ఊపు షడ్జమం వైపు నుంచి ఎక్కాలా, గాంధారం వైపు నుంచి దిగాలా? రెండు సెకన్ల దీర్ఘంలో సుమారు ఎన్ని ఊపులు పడాలి? ధైవతానికీ అదే లెక్కా? కీబోర్డు వాళ్లు పిచ్ బెండ్ రేంజ్ ఎంత పెడుతున్నారో కూడా రాయండి.