సమస్య: కోప మెంత యున్నఁ గూర్మి యంత

నిర్వాహకుడు: ఆటవెలది పద్యం చివరి పాదం ఇచ్చాను, పై మూడు పాదాలు రాసి పూరించాలి. కూర్మి అంటే ప్రేమ. పాదంలోని గణాలు (అక్షరాల గుంపులు) ఐదూ సూర్యగణాలే, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం, కో–గూ. వలపు గురించి పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్న కఠినమైన పాఠం ఏదైనా పూరణలో రావాలి. భావం కూడా రాయండి.

చిరుగాలి:
తిట్టు నాన్న మనసు తీయని దనియెను
అమ్మ చెంతఁ జేరి యడుగ నేను
ఎదిగినాక తెలిసె నింటి పెద్దల మది
కోప మెంత యున్నఁ గూర్మి యంత

భావం అక్కర్లేదనుకుంటాను.

పాతకలం: చిరుగాలి గారూ, ధార బాగుంది, గణాలు సరిపోయాయి. రెండు, మూడు పాదాలు అచ్చుతో మొదలయ్యాయి, పాదాంతంలో విసంధిని (సంధి చేయకుండా వదిలేయడాన్ని) ఒప్పుకోనివాళ్లు పట్టుకుంటారు. నా అభ్యంతరం అది కాదు. తండ్రి కోపానికి సరిపోయిన ఈ మాటనే రేపు పెళ్లయిన అమ్మాయికి మొగుడి కోపం గురించి చెప్తారు, అప్పుడు అది పాఠం కాదు, నోరు నొక్కడం.

తెలిమంచు: నేను రాసింది సరిగ్గా దాని గురించే.

నమ్మవలదు తల్లి నలుగురి మాటను
నోరు మూసికొంటి నొవ్వ మనసు
అవ్వ చెప్పె నాకు నద్దాలు తుడుచుచు
“కోప మెంత యున్నఁ గూర్మి యంత”

భావం: కోపం ఎంత ఉంటే ప్రేమ అంత అని నలుగురూ అంటే నమ్మి, మనసు నొచ్చుకున్నా మాట్లాడకుండా బతికాను, నువ్వు మాత్రం నమ్మొద్దు అని అవ్వ చెప్పింది.

పాతకలం: కళ్లద్దాలు తుడుచుకుంటూ చెప్పడం దగ్గర ఆగిపోయానమ్మా, ఏడ్చిందని ఎక్కడా అనకుండానే తెలిసిపోయింది. కానీ పద్యం చెవితో వినేది, అవధానంలో కొటేషన్ గుర్తులు ఎవరికీ కనపడవు. “అవ్వ చెప్పె” పక్కనే సమస్యాపాదం పడేసరికి ఆ మాట అవ్వదే అనిపిస్తోంది, అర్థం పూర్తిగా తిరగబడుతోంది. ఒకటి, మూడు పాదాలకు గణాలు ఒకటే కదా, తారుమారు చేసి చూడండి.

తెలిమంచు:
అవ్వ చెప్పె నాకు నద్దాలు తుడుచుచు
నోరు మూసికొంటి నొవ్వ మనసు
నమ్మవలదు తల్లి నలుగురి మాటను
కోప మెంత యున్నఁ గూర్మి యంత

చిరుగాలి: ఇప్పుడు “నలుగురి మాట” ఏదో వెంటనే వినపడుతోంది, గుర్తులు లేకపోయినా. పాతకలం గారన్నది నిజమే, నా పద్యంలో అమ్మ మాటే ఉంది, అమ్మ ఏం పడిందో లేదు. ఆవిడ వైపు నుంచి ఇంకో పూరణ రాస్తాను.

నిర్వాహకుడు: రాయండి, రేపు సాయంత్రం దాకా సమయం ఉంది.