పేరాలో ప్రధాన భావాన్నీ దాన్ని బలపరిచే వివరాలనూ ఎలా గుర్తించాలి?

ప్రశ్న (ఒక తల్లి, రాజమహేంద్రవరం):
పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అపరిచిత గద్యం చదివాక అది ధవళేశ్వరం ఆనకట్ట గురించి అని వెంటనే చెప్పగలుగుతోంది. అయితే ఆనకట్ట గురించి రచయిత ఏమంటున్నారని అడిగితే మాత్రం సంవత్సరాలూ పేర్లూ ఏకరువు పెడుతోంది. అనుభవమున్నవారు మార్గం చెప్పగలరు.

తెలుగు ఉపాధ్యాయురాలు, ఏలూరు:
అమ్మా, మీ అమ్మాయి చెప్తున్నది విషయం మాత్రమే. ప్రధాన భావాన్ని ఎప్పుడూ పూర్తి వాక్యంగా చెప్పించండి. ఉదాహరణకు, "కరవులకూ తుపానులకూ చితికిపోయిన గోదావరి డెల్టా ఆనకట్టతో ధాన్యాగారంగా మారింది" అని రాయించి, పేరాలోని ఒక్కొక్క వివరాన్నీ తీసివేసి చూస్తే ఆ వాక్యానికి బలం తగ్గుతుందో లేదో గమనించమనండి. 1839 నాటి కోరింగ తుపాను ప్రస్తావన తీసివేస్తే "చితికిపోయిన" అన్న మాటకు ఆధారం పోతుంది; కాలువల ప్రస్తావన తీసివేస్తే "మారింది" అన్నది నిలవదు. 1847లో పని మొదలై 1852లో పూర్తయిందన్న సమాచారం తీసివేసినా ఆ వాక్యానికి లోటేమీ రాదు.

పోటీ పరీక్షల అభ్యర్థి, వరంగల్:
మేడమ్ గారి పద్ధతి నాకెంతో నచ్చింది, కానీ సంవత్సరాల విషయంలో ఒక్క మాట చేర్చాలి. అదే పేరా "అంత పెద్ద నదిపై ఆర్థర్ కాటన్ ఆనకట్టను ఎంతో వేగంగా పూర్తిచేయించారు" అని చెప్పదలచుకుంటే, ఆ రెండు సంవత్సరాలే అన్నిటికన్నా బలమైన ఆధారాలవుతాయి. ఏ వివరం ముఖ్యమో ప్రధాన భావమే తేలుస్తుంది కనుక, ముందుగానే అంకెల కింద గీతలు గీసుకుంటూ పోవడం వల్ల ప్రయోజనం లేదు.

ఉపాధ్యాయురాలు, ఏలూరు:
నిజమే, ఆ సవరణను అంగీకరిస్తున్నాను. రేపటి పాఠంలో ఒకే పేరాకు రెండు ప్రధాన భావాలిచ్చి, ఏ వివరం దేనికి చెందుతుందో పిల్లలనే విడదీయమంటాను.

పత్రికా ఉపసంపాదకుడు, విజయవాడ:
ప్రధాన భావం తొలి వాక్యంలోనే ఉంటుందని చాలామంది నేర్పుతారు. సంపాదకీయాలకు ఇది తరచుగా వర్తించదు. అక్కడ రచయిత ముందు ఎదుటివారి వాదాన్ని మర్యాదగా వినిపించి, "అయితే", "అయినప్పటికీ" అన్న మాటల తర్వాతే తన అభిప్రాయాన్ని చెప్తారు. "ఆనకట్టకు అయిన ఖర్చు ఎక్కువే, అయినప్పటికీ అది తెచ్చిన పంట ఆ ఖర్చును మించిపోయింది" అన్న వాక్యంలో మొదటి సగాన్నే ప్రధాన భావంగా తీసుకుంటే రచయిత మాటకు పూర్తి వ్యతిరేకమైన అర్థం వస్తుంది. మీ అమ్మాయిని ముందు అలాంటి మాటల చుట్టూ సున్నా చుట్టి, ఆపై వాటి తర్వాత వచ్చే భాగాన్ని సొంత మాటల్లో రాయమనండి.