అప్‌డేట్: వెనక బ్రేక్ డ్రమ్ములు ఎక్కాయి, బోల్టులు మాత్రం ఇంకా వదులే

కిట్ కారు (విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునే కారు) వెనక బ్రేక్ డ్రమ్ములు షూల (లోపలి నుంచి డ్రమ్మును ఒత్తి చక్రాన్ని ఆపే ముక్కల) మీదికి ఎక్కట్లేదని, ట్రెయిలింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని చట్రానికి కలిపే, పైకీ కిందికీ కదిలే చేయి) బోల్టులు ఎప్పుడు పూర్తిగా బిగించాలని అడిగాను కదా. రెండూ తేలాయి.

హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగుతుగా ఉండి షూలను బయటికి తోస్తోంది. దాన్ని వదులు చేసి, షూల దూరం సరిచేసే అడ్జస్టర్ వెనక్కి తిప్పితే డ్రమ్ము చేత్తోనే కూర్చుంది. తర్వాత షూలు తాకేదాకా తిప్పి, చక్రం తేలిగ్గా తిరిగేంత వెనక్కి వదిలాను. కేబుల్ సర్దుబాటు ఆఖరున.

బోల్టుల సంగతి మీరు చెప్పిందే కరెక్ట్: కారు బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. కారు స్టాండ్ల మీద, ఆర్మ్ కిందికి వేలాడుతుండగా బిగిస్తే, చక్రాల మీదికి దిగాక బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. బాడీ ఇంకా ఎక్కలేదు, బరువు చాలదు. సీట్లు కూడా వచ్చాకే టార్క్ రెంచ్ (కొలిచిన బలంతో బిగించే పానా) పడతాను. చూడటానికి చిరాకే, కానీ తొందరేం లేదు.

బ్రేక్ బ్లీడింగ్ (పైపుల్లోని గాలి తీసేయడం) అయింది, పెడల్ గట్టిగా ఉంది.