స్టూడెంట్ బడ్జెట్‌లో ల్యాబ్ పిల్ల: బ్రీడర్‌ని ఏం చూసి నమ్మాలి?

హన్మకొండ_ఎమ్మెస్సీ:

అన్నలకు, అక్కలకు నమస్తే. ముగ్గురం స్టూడెంట్లం, హన్మకొండలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. ఓనర్ కిందే ఉంటారు, గోల లేకుంటే పెంచుకోండి అన్నారు. చేతిలో 15 వేలున్నాయి. నెలకు ముగ్గురం కలిపి 3 వేల దాకా పెట్టగలం. ల్యాబ్రడార్ పిల్ల అనుకుంటున్నాం.

వాట్సాప్ గ్రూపులో ఒకాయన 40 రోజుల మగపిల్ల 8 వేలు అంటున్నాడు. వ్యాక్సిన్ అయిపోయిందట. 2 వేలు అడ్వాన్స్ కొడితే ఎవరికీ ఇవ్వకుండా ఆపుతాడట, బస్టాండ్ దగ్గరికే తెచ్చిస్తాడట. తల్లిని చూస్తామంటే ఇక్కడ లేదు, ఊళ్లో ఉంది అంటున్నాడు. ఇంకోచోట కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లున్న పిల్ల 18 వేలు చెప్పారు.

40 రోజుల పిల్లను తేవచ్చా? కేసీఐ పేపర్లకు అంత డబ్బు పెట్టాలా? మంచి బ్రీడర్ అని ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కెన్నెల్_కబుర్లు:

తమ్ముడూ, తల్లిని చూపించని చోట పిల్లను కొనకు. మిగతావన్నీ దాని తర్వాతే.

40 రోజులంటే ఇంకా తల్లి పక్కనే ఉండాల్సిన వయసు. తల్లి ఇక్కడ లేదంటే ఆ పిల్ల అతని ఇంట్లో పుట్టలేదన్నమాట. అతను బ్రీడర్ కాదు, దళారి. దళారులు తలా ఒక ఊరి నుంచి వేర్వేరు ఈతల (కాన్పుల) పిల్లల్ని తెచ్చి ఒకే గదిలో పెడతారు. ఒకదానికి పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) ఉంటే చాలు, అన్నిటికీ అంటుకుంటుంది. ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. అందుకే కొన్నరోజు చెంగుచెంగున గెంతిన పిల్ల ఇంటికొచ్చిన నాలుగో రోజో ఐదో రోజో తిండి మానేసి, వాంతులు, నెత్తురు విరేచనాలతో కూలబడుతుంది. అమ్మినవాడేమో మీరు పెట్టిన తిండి పడలేదంటాడు.

వయసు సంగతి. కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఆ నంబర్ అడుగు, తప్పేం లేదు. 8 వారాలనడానికి కారణముంది. పిల్ల తోబుట్టువులతో కొట్లాడుకుంటూ ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది కుయ్యిమంటుందో నేర్చుకునేది ఆ నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపే. ముందే విడదీసిన పిల్ల మీ చేతుల్ని, చీలమండల్ని నెత్తురొచ్చేలా కొరుకుతుంది. దాన్ని మాన్పించడం చాలా కష్టం.

చెప్పిన వయసు నిజమో కాదో పళ్లు చూస్తే కొంత తెలుస్తుంది. ముందు పళ్లు, కోరలు మూడో వారం నుంచి వస్తాయి, పక్క పళ్లు ఆ తర్వాత. 8 వారాలకు 28 పాలపళ్లూ దాదాపు వచ్చేస్తాయి. పెదవి పక్కకు లాగి చూస్తే వెనక చిగురంతా బోసిగా ఉందా? అయితే అది రెండు నెలల పిల్ల కాదు. రెండు నెలల ల్యాబ్ పిల్ల 4, 5 కిలోలు తూగాలి. అంతకన్నా బాగా తక్కువుంటే వయసన్నా తక్కువ, తిండన్నా తక్కువ.

ఇక బ్రీడర్ ఇంటికి వెళ్లినప్పుడు ముందు పిల్లల్ని చూడొద్దు, తల్లిని చూడు. చనుమొనలు సాగి, పాలిచ్చిన ఆనవాలు కనిపించాలి. యజమాని పక్కనుంటే కొత్తవాళ్ల దగ్గరికి రావాలి, కనీసం మామూలుగా ఉండాలి. మూలకు నక్కి వణికినా, మీదికి దూకినా పిల్లలకు ఆ బెదురు కొంత వస్తుంది. దాన్ని నడిపించమను, పరుగెత్తించమను. ల్యాబ్‌లలో తుంటి కీలు సమస్య వంశపారంపర్యం. వెనక కాళ్లు కలిపి కుందేలులా గెంతుతోందా, కూర్చుని లేవడానికి తంటాలు పడుతోందా గమనించు. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు తీయించిన బ్రీడర్లు మన దగ్గర తక్కువ. ఎవరైనా తీయించి చూపిస్తే ఆ ఇంటికి ఒక వెయ్యి ఎక్కువిచ్చినా నష్టం లేదు. తల్లి వయసెంత, పోయినసారి ఎప్పుడు పిల్లల్ని పెట్టిందో కూడా అడుగు. 18 నెలలు నిండాకే దాటించాలి (జతకట్టించాలి), ఏడాదికి ఒక ఈతకు మించకూడదు. ఎదకొచ్చిన ప్రతిసారీ దాటించే చోట తల్లి ఎముకలు తేలి, వెంట్రుకలు రాలిపోయి ఉంటుంది. చూడగానే తెలుస్తుంది.

పిల్లను ఎంచుకోవడానికి రెండుసార్లు వెళ్లు, వేర్వేరు వేళల్లో. నిద్రమత్తులో ఉన్న పిల్ల నెమ్మదస్తురాలిలా కనిపిస్తుంది. చిగురు గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయి ఉంటే పేగుల్లో కొంకి పురుగులో, ఒంటి మీద గోమార్లో (పిడుదులు) నెత్తురు తాగుతున్నాయని అనుమానించాలి. ఒళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం కుండలా ఉంటే నట్టలు (కడుపులో పురుగులు). కళ్లలో పుసి, ముక్కులో చిక్కటి చీమిడి, దగ్గు ఉంటే ఆ ఈతలో ఏ పిల్లా వద్దు, నీకు నచ్చింది బాగానే ఉన్నా సరే. బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు ఉంటే హెర్నియా. చిన్నదైతే భయం లేదు, కానీ డాక్టర్‌కు చూపించాలి. తోక ఎత్తి చూడు, వెంట్రుకలకు విరేచనం అంటుకుని ఉండకూడదు. వెనక నుంచి చప్పట్లు కొడితే తిరగాలి. రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే కాసేపు గింజుకుని సర్దుకునే పిల్ల మీలాంటి మొదటిసారి పెంచేవాళ్లకు సరిపోతుంది.

కేసీఐ పేపరు అంటే చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా దగ్గర ఈత రిజిస్టర్ అయిందని. వంశం తెలుస్తుంది, చర్మం కింద పెట్టే మైక్రోచిప్ నంబర్ ఉంటుంది. పిల్ల ఆరోగ్యానికి అది హామీ కాదు. నువ్వు షోలకు తీసుకెళ్లవు, కాబట్టి దానికోసం డబ్బు పెట్టొద్దు. పెట్టేటట్టయితే మాత్రం "పేపర్లు తర్వాత పంపిస్తాం" అన్న మాట మీద పెట్టొద్దు. చిప్ నంబర్‌ను స్కానర్‌తో చదివించి, కాగితంలో ఉన్న నంబర్‌తో సరిచూసుకో.

పశువైద్య_విద్యార్థిని:

పైన చెప్పినవన్నీ సరైనవే. నేను డబ్బు లెక్క, టీకాల సంగతి చెబుతాను. రేట్లు ఊరిని బట్టి, క్లినిక్‌ను బట్టి మారతాయి. ఇవి అంచనాలే.

"వ్యాక్సిన్ అయిపోయింది" అన్న మాటకు 40 రోజుల పిల్ల విషయంలో అర్థం లేదు. మొదటి డోసే 6 నుంచి 8 వారాల మధ్య వేస్తారు. తర్వాత మూడు, నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయాలి. ఇన్నిసార్లు ఎందుకంటే, తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో వారం తగ్గిపోతుంది. ఎప్పుడు తగ్గుతుందో బయటికి తెలియదు కాబట్టి ఆ కాలమంతా కవరయ్యేలా వేస్తూ పోతాం. "రెండు డోసులు పడ్డాయి, చాలు" అని 10 వారాలకే ఆపేసిన పిల్లలకు పార్వో రావడానికి ఇదొక పెద్ద కారణం. రేబిస్ టీకా 12 వారాలు నిండాక.

టీకా కార్డులో సీసా మీది స్టిక్కర్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, వేసిన తేదీ, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఒట్టి స్టిక్కరుంటే అమ్మినవాళ్లే పొడిచారని అనుకోండి. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండలో సంచిలో తిరిగిన సీసా వేసినా వేయనట్టే. ఆ అనుమానముంటే డాక్టర్‌కు చెప్పండి, కోర్సు మొదటి నుంచి పెడతారు. నట్టల మందు రెండో వారం నుంచి రెండు వారాలకోసారి 12 వారాల దాకా, తర్వాత ఆరు నెలలు నిండేవరకు నెలకోసారి.

ఇప్పుడు మీ 15 వేలు. కలిపి వేసే టీకా ప్రైవేటు క్లినిక్‌లో ఒక్కోటి 600 నుంచి 1000 వరకు ఉంటుంది. మూడింటికి 2 నుంచి 3 వేలు. రేబిస్, నట్టల మందు, గోమార్ల మందు కలిపి మరో వెయ్యి పైచిలుకు. బెల్టు, గిన్నెలు, పరుపు, అడ్డుపెట్టే చిన్న గేటు ఇంకో వెయ్యిన్నర. పార్వో వస్తే సెలైన్లు, ఇంజెక్షన్లు, రోజూ క్లినిక్‌కు తిప్పడం కలిపి 10 వేలు తేలిగ్గా దాటుతుంది. అంటే పిల్లకు 8 వేలు పెడితే మీ దగ్గర జబ్బుకు సరిపడా డబ్బు మిగలదు. మీ బడ్జెట్‌లో పిల్ల ధర 4, 5 వేలు దాటకూడదు. ఆ ధరకు నిబంధనలు పాటించే బ్రీడర్ దగ్గర ల్యాబ్ దొరకదు.

నెల ఖర్చు కూడా చూడండి. ఎదిగిన ల్యాబ్ 25 నుంచి 35 కిలోలుంటుంది, రోజుకు 300 నుంచి 400 గ్రాముల డ్రై ఫుడ్ తింటుంది. నెలకు 10, 12 కిలోలు. కిలో 250 అనుకున్నా మీ 3 వేలు తిండికే సరి. ఇంట్లో వండి పెడితే తగ్గుతుంది, కానీ పెరుగన్నంతో పెంచితే కాళ్లు వంకరపోతాయి. మాంసమో గుడ్డో రోజూ ఉండాలి, లెక్క డాక్టర్‌తో వేయించుకోండి. డ్రై ఫుడ్ పెడుతుంటే మాత్రం షాపువాళ్లిచ్చే కాల్షియం సిరప్ పోయొద్దు. పెద్ద జాతి పిల్లలకు కాల్షియం ఎక్కువైనా ఎముకలు చెడతాయి.

తగ్గించుకునే దారులున్నాయి. ప్రభుత్వ పశువైద్యశాలలో చూపించడానికి ఖర్చు దాదాపు ఉండదు. టీకా బయట కొని తెమ్మంటే ఐస్ ప్యాక్‌లో పెట్టి తీసుకెళ్లండి. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం సందర్భంగా రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. పాశ్చర్ 1885లో ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేసిన రోజది.

దేశీ_గజ్జెలు:

మీరు అడగలేదు కానీ చెప్పాలి. 15 వేలు, రెండు గదులు, ముగ్గురు స్టూడెంట్లు అన్నప్పుడు నా ఓటు దేశీ కుక్కకే, అదీ ఏడాది దాటినదానికి. దేశీ కుక్క 15, 20 కిలోల దగ్గర ఆగుతుంది, తిండి ల్యాబ్‌లో సగం. మన ఎండకు తట్టుకుంటుంది. ఏడాది దాటితే సైజు తెలిసిపోతుంది, గుణం తెలిసిపోతుంది, చెప్పులు కొరికే వయసు దాటిపోతుంది.

రెండు నెలల పిల్ల మూత్రం మూడు గంటలకు మించి ఆపుకోలేదు. ముగ్గురికీ పొద్దున 9 నుంచి 4 దాకా క్లాసులుంటే దాన్ని ఎవరు చూస్తారు? మీ టైంటేబుల్స్ పక్కపక్కన పెట్టి చూడండి. ఖాళీ మూడు గంటలు దాటితే పిల్ల వద్దు, పెద్దదే తెచ్చుకోండి.

హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థలు కుక్కల్ని దత్తతకిస్తాయి. ల్యాబే కావాలంటే యజమానులు వదిలేసినవి కూడా వస్తుంటాయి. స్టూడెంట్లంటే కొందరు వెనకాడతారు. అందుకు కారణం ఉంది: కోర్సు అయ్యాక కుక్క రోడ్డు మీద పడుతుందని. ఓనర్ రాసిచ్చిన అనుమతి, మీలో ఒకరి ఇంటివాళ్ల ఒప్పుకోలు పట్టుకెళ్తే పని సులువు. కుక్క ఎవరి పేరు మీద ఉంటుందో ఇప్పుడే తేల్చుకోండి. ముగ్గురిదీ అంటే ఎవరిదీ కాదు.

సెలవుల్లో ఇంటికెలా తీసుకెళ్తారన్నదీ ముందే చూసుకోండి. రైల్లో స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో కుక్కను రానివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేయాలి, లేదంటే గార్డు పెట్టెలోని డాగ్ బాక్స్.

వీధిలో పిల్లను నేరుగా తెచ్చుకునేటట్టయితే ఒక్క జాగ్రత్త. పంటి గాటు, గోటి గీత ఎంత చిన్నదైనా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టండి. చిన్న పిల్లకు రేబిస్ ఉండదనుకోవద్దు.

హన్మకొండ_ఎమ్మెస్సీ:

అందరికీ థ్యాంక్స్. ఓనర్‌తో రాయించుకుంటాం. టైంటేబుల్ చూస్తే మంగళ, గురు వారాల్లో ఐదు గంటలు ఎవరం ఉండం, కాబట్టి పెద్ద కుక్క వైపే మొగ్గుతున్నాం. ఒక్క అనుమానం. ఆ వాట్సాప్ ఆయన ఇప్పుడు 6 వేలకే ఇస్తా, ఆధార్ కార్డు ఫొటో కూడా పంపిస్తా అంటున్నాడు. వీడియో కాల్‌లో పిల్లను చూపించాడు. ఇంకోటి, మా పోర్షన్‌లో ఇంతకుముందున్నవాళ్ల కుక్కపిల్ల విరేచనాలతో చనిపోయిందని ఓనర్ చెప్పారు. ఏమైనా ఇబ్బందా?

కెన్నెల్_కబుర్లు:

అడ్వాన్స్ కొట్టకు. ఆధార్ ఫొటో ఎవరిదైనా పంపొచ్చు, వీడియోలో పిల్ల ఎవరిదైనా కావచ్చు. ముందు 2 వేలు అడుగుతారు, తర్వాత ట్రాన్స్‌పోర్ట్, ఆ తర్వాత తిరిగిచ్చేస్తామని చెప్పి బోను డిపాజిట్. బేరమాడకుండానే 8 నుంచి 6కి దిగాడంటే పిల్లకు జబ్బైనా ఉండాలి, అసలు పిల్లే లేకపోవాలి. ఎక్కడ కొన్నా పుట్టిన తేదీ, చిప్ నంబర్, టీకాల వివరాలు, మూడు రోజుల్లో డాక్టర్ జబ్బు తేలిస్తే వాపసు అని రసీదులో రాయించుకుని, పిల్ల చేతికొచ్చాకే డబ్బివ్వాలి.

పశువైద్య_విద్యార్థిని:

విరేచనాలతో చనిపోయిందంటే పార్వో అనే అనుకోవాలి. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి, నీడ, తేమ ఉన్న మట్టిలో ఏడాది దాకా కూడా ఉంటుంది. ఫినాయిల్, శానిటైజర్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. ముందు సబ్బునీళ్లతో మురికి మొత్తం కడగండి, ఎందుకంటే మురికి మీద బ్లీచ్ పనిచేయదు. తర్వాత మామూలు బ్లీచ్ ఒక వంతు, నీళ్లు 30 వంతులు కలిపి, నేల పది నిమిషాలు తడిగా ఉండేలా పోసి కడిగేయండి. కిటికీలు తెరిచి ఉంచండి, యాసిడ్‌తో కలపొద్దు. గుమ్మం, మెట్లు, బాత్రూం మూలలు మర్చిపోవద్దు. పాత పరుపు, గిన్నెలు ఉంటే పారేయండి. మట్టి పెరడును బ్లీచ్‌తో శుభ్రం చేయలేం. టీకాలు పూర్తయిన పెద్ద కుక్కనైతే కడిగిన మర్నాడే తెచ్చుకోవచ్చు. పిల్లనైతే 16 వారాల డోసు పడి రెండు వారాలయ్యేదాకా ఆ ఇంట్లోకి తీసుకురావొద్దు.